ఊడదీసిన ఇల్లు

నా కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక శత్రువు ఉండేది. ఆ శత్రువుకీ తొమ్మిదేళ్ళే. కాకపోతే చచ్చిపోయి చాలాకాలమైంది. ఆ పిల్లని మా ఇంట్లోకి తీసుకొచ్చి, ఫ్రిజ్ మీద అంటించి, అన్నం తినేటప్పుడు నా కూతురికి ఎదురుగా కూర్చోబెట్టింది నేనే.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్‌కి పావుగంట దూరంలో ఒక పాత చెక్క ఇల్లుంది. ఊరివాళ్ళు దాన్ని చిన్న మ్యూజియంలా ఉంచుకున్నారు. నేల ఎంత వాలిపోయిందంటే ఈ గోడ దగ్గర గోళీ వదిలితే ఆ గోడ దగ్గర తేలుతుంది. నేను అక్కడ వాలంటీరుగా చేరాను. మా ఆయన హెచ్-వన్ వీసా మీద ఉద్యోగానికి వచ్చారు, నేను ఆయన వెనకాల భార్యలకిచ్చే హెచ్-ఫోర్ మీద వచ్చాను. జీతానికి పనిచేస్తానంటే చట్టం ఒప్పుకోదు, ఊరికే చేస్తానంటే ఎవరూ వద్దనరు. వారానికి రెండు రోజులు వెళ్ళి దుమ్ము తుడిచేదాన్ని, ఎండ పడకుండా తెరలు వేసేదాన్ని, వచ్చినవాళ్ళకి పాత వంటగది చూపించేదాన్ని. ఆ ఇంటిని చూసుకునే పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఎనభైకి దగ్గర వయసు, ఒకప్పుడు స్కూల్లో టీచరు. నాకు అన్నీ ఆవిడే నేర్పారు.

ముందుగదిలో గోడకి నాలుగు గుడ్డలు ఫ్రేము కట్టి ఉండేవి. వాటిని శాంప్లర్లంటారు. ఒకప్పుడు ఇక్కడి ఆడపిల్లలకి చదువుతో పాటు, చాలాచోట్ల చదువుకి బదులు, సూదిపని నేర్పేవారు. నేర్చుకున్నదంతా ఒక గుడ్డమీద కుట్టి చూపించాలి. పైన అక్షరాలు, అంకెలు. మధ్యలో ఒక నీతిపద్యం. కింద ఇల్లు, రెండు చెట్లు. అడుగున పిల్ల పేరూ వయసూ. తండ్రి దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించేవాడట, వచ్చినవాళ్ళు చూసి పిల్ల పనిమంతురాలని గ్రహించడానికి. ఇదంతా చెప్పి పెద్దావిడ పాపం అన్నట్టు నిట్టూర్చేవారు. నాకేమీ పాపం అనిపించలేదు. సబబుగానే అనిపించింది.

ఆ నాలుగు గుడ్డల్లో మూడు మామూలువి. ఒకదాన్లో కుట్టిన పిల్లకి చోటు చాలక చివరి అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కేశాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా దాని ముందే నిలబడి ముచ్చటపడేవారు. నాకు ఒళ్ళు మండేది. ముందే లెక్కపెట్టుకుని మొదలెట్టాలని తెలియని పిల్ల కూడా ఒక పిల్లేనా? ఈ దేశంలో వంకరగా ఉన్న ప్రతిదాన్నీ బ్యూటిఫుల్ అంటారు. నాలుగోది మాత్రం అలాంటిది కాదు. ప్రతి క్రాస్ కుట్టులోనూ పై దారం ఒకే వైపుకి వాలి ఉంది. ఇంటి కిటికీలు గీటు గీసి కొలిచినట్టు ఉన్నాయి. చేతులు పనిలో ఉంటే మనసు పాపం తలవదన్న అర్థంతో నాలుగు పంక్తుల పద్యం ఉంది. అడుగున పేరు, తొమ్మిదో ఏట అని. ఆ గుడ్డని మొదటిసారి చూసినప్పుడు, చాలాకాలానికి నా మనిషి ఒకత్తి కనబడినట్టయింది.

ఎందుకంటే మా స్కూల్లోనూ ఇలాంటిదే ఉండేది. గుంటూరు జిల్లాలో ఆడపిల్లల హైస్కూలు, వారానికి మూడు పీరియడ్లు కుట్లు, అల్లికలు. ఎనిమిదో తరగతి నుంచి రికార్డు పెట్టాలి. జానెడు గుడ్డముక్కల మీద కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా, క్రాస్ కుట్టు, ఒక్కొక్కటే కుట్టి, టీచరు సరే అన్నాక పుస్తకంలో అంటించి, కింద పేరు రాయాలి. మా కుట్టు టీచరు ముందువైపు చూసేది కాదు.

"ముందు చూపిస్తే దేవుడైనా మోసపోతాడే. వెనక్కి తిప్పు" అనేది.

వెనక ముడి కనబడినా, దారం ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టుకి అడ్డదారిన పోయినా, అంతే సంగతులు. తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఊడదీయించేది.

ఆ ఊడదీసే పని నాది. నా వెనకవైపు కూడా ముందువైపులాగే ఉండేది కాబట్టి టీచరు నాకొక బుల్లి కత్తెర, లావుపాటి గుండుసూది ఇచ్చి తన బల్ల పక్కన కూర్చోబెట్టింది. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. తప్పు ఒక్క కుట్టులో ఉంటే నేను వరసంతా లాగేసేదాన్ని. నా బెంచీలోనే కూర్చునే ఒకమ్మాయి గులాబీ కుడితే ఐదుసార్లు ఊడదీశాను. ఆరోసారికి గుడ్డ జల్లెడైపోయి అందులో దారం నిలవలేదు. ఆ అమ్మాయి ఏడవలేదు. "నీకు కుట్టడం కంటే ఇదే బాగా వస్తుందే" అంది. నేను మెచ్చుకుందనుకున్నాను. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పుకున్నాను కూడా. టెన్త్ అయిపోయిన రోజున ఆ కత్తెరా, గుండుసూదీ టీచరు నన్నే ఉంచుకోమంది. అవి నా పెళ్ళితో పాటు నాతో వచ్చాయి, అమెరికాకీ వచ్చాయి.

ఒక చలికాలం పెద్దావిడ పిల్లలకి శాంప్లర్ క్లాసు పెట్టారు. ఎనిమిది శనివారాలు, పదకొండుమంది పిల్లలు. ఎవరి గుడ్డ వాళ్ళు కుట్టుకోవాలి, ఇంటికి తీసుకెళ్ళి కూడా కుట్టుకోవచ్చు. వసంతంలో ఒకరోజు అందరివీ ముందుగదిలో పెడతారు. వాటిలో ఒకదాన్ని పెద్దావిడ ఎంచి, ఆ నాలుగు పాతవాటి పక్కన ఏడాదిపాటు తగిలిస్తారు. దానికోసం అప్పుడే ఐదో మేకు కొట్టి ఉంచారు కూడా.

ఆ మేకు నాకు కావాలి. కూతురి కోసమని అందరికీ చెప్పాను, అబద్ధం. ఈ దేశం వచ్చి పదేళ్ళు దాటింది. తిండి తప్ప నా చేత్తో చేసిన పని ఇక్కడెవరూ చూడలేదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో నా పులిహోర మెచ్చుకున్నవాళ్ళే మరునిమిషంలో "మరి మీరేం చేస్తుంటారండీ?" అని అడిగేవారు. నా చేతికి నిలవదగ్గ పని వచ్చని ఒక గోడ మీద కనబడాలని ఉండేది.

నా కూతురు మొదటి రెండు శనివారాలూ గెంతుతూ వెళ్ళింది. అక్షరాలు కుట్టింది. వాటి కింద ఇల్లు మొదలెట్టింది. పాత శాంప్లర్లలో ఉండే రెండంతస్తుల ఇల్లు కాదు, మా అపార్ట్‌మెంట్ బిల్డింగు. మూడు అంతస్తులు, కింద నీలం కారు, మూడో అంతస్తు బాల్కనీలో ఎర్రటి మనిషి. ఆ మనిషి తల కప్పుకి తగిలి, ఒళ్ళంతా కుడిపక్కకి ఒరిగిపోయి ఉంది.

"అది నువ్వు అమ్మా. రెడ్ స్వెటర్‌లో. నేను బస్ దిగినప్పుడు నువ్వు అక్కడ ఉంటావు కదా" అంది.

నిజమే, రోజూ మధ్యాహ్నం స్కూలు బస్సు టైముకి బాల్కనీలో నిలబడేదాన్ని. అది బస్సు దిగి తలెత్తి చూసేది, నేను చెయ్యి ఊపాక లోపలికి వచ్చేది. ఒక పిల్ల తన తల్లిని గుడ్డమీద కుట్టి చూపిస్తే ఏ తల్లైనా ఏమంటుంది? నేనేమన్నానో చెబుతాను.

"మనిషి బిల్డింగ్ కంటే పొడుగుంటుందా? వెనక్కి తిప్పు."

వెనక్కి తిప్పింది. వెనకంతా కాకిగూడే. నేను లోపలికెళ్ళి కత్తెరా గుండుసూదీ తెచ్చాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా చెయ్యి ఏమీ మర్చిపోలేదు. మొదట ఎర్రమనిషిని తీశాను, తర్వాత బాల్కనీ. నా కూతురు పక్కనే నిలబడి చూసింది. రోజూ స్కూలు నుంచి రాగానే పాలు తాగి కుట్టేది, నేను తిప్పి చూసి ఊడదీసేదాన్ని. అదే వరస మళ్ళీ కుట్టేది. ప్రతిసారీ ఆ మనిషిని మళ్ళీ బాల్కనీలో పెట్టేది. నాలుగుసార్లు పెట్టింది, నాలుగుసార్లు తీశాను. అది నన్నే కుడుతోందని, నేను నన్నే పీకేస్తున్నానని అప్పుడు తోచలేదు. ముడి కనబడుతోందన్నదొక్కటే తోచింది.

ఫ్రిజ్ మీద ఫోటో పెట్టింది ఆ రోజుల్లోనే. నాలుగో శాంప్లర్‌ని ఫోన్లో తీసి, లైబ్రరీలో రంగుల్లో ప్రింటు తీయించి అంటించాను. మనవాళ్ళందరి ఇళ్ళల్లోనూ పక్కింటి పిల్ల ఒకత్తి ఉంటుంది. పక్కింటి పిల్లకి నూటికి తొంభైతొమ్మిది, పక్కింటి పిల్ల పొద్దున్నే లేస్తుంది, పక్కింటి పిల్ల కాకరకాయ తింటుంది. మా బిల్డింగ్‌లో పక్కింట్లో పిల్లలు లేరు. అందుకని నేను చచ్చిపోయిన పిల్లని తెచ్చుకున్నాను.

"ఆ అమ్మాయిదీ నీ ఈడే. కరెంట్ కూడా లేదు. కిటికీ దగ్గర కూర్చుని కుట్టేది. నీకు హీటర్ ఉంది, లైట్ ఉంది, ఏం లోటు?"

"అమ్మా, షీ ఈజ్ డెడ్."

"చచ్చిపోయినా పని మిగిలింది. నువ్వు బతికుండి ఏం చేస్తున్నావ్?"

తొమ్మిదేళ్ళ పిల్లతో నేనన్న మాటే ఇది. మా ఆయన లాప్‌టాప్ మీంచి తల ఎత్తి, "వదిలెయ్యవే దాన్ని. ఇదేమన్నా స్పెల్లింగ్ బీ పోటీనా?" అన్నారు. "స్పెల్లింగ్ బీ అయితే మీరే పొద్దున్నే లేపి కూర్చోబెట్టేవారు" అన్నాను. ఆయన మళ్ళీ తలదించుకున్నారు.

దాని వేళ్ళకి సూది గుచ్చుకుని, గుచ్చుకుని, బొమ్మల ప్లాస్టర్లు వేయాల్సి వచ్చింది. ఒక వారంలో మూడు వేళ్ళకి. క్లాస్ టీచరు చూసి నాకు ఈమెయిల్ పెట్టింది, పాప వేళ్ళకి ఏమైందని. ఎంబ్రాయిడరీ నేర్చుకుంటోందని జవాబిచ్చాను. ఎంత అద్భుతమో అని ఆవిడ తిరిగి రాసింది. ఆ ఈమెయిల్ నా కూతురికి చదివి వినిపించాను. ఒకరోజు చూస్తే ఫ్రిజ్ మీద ఫోటోలో ఆ పిల్ల పేరున్న చోట పెన్సిల్‌తో గీకి గీకి కాగితం చిరిగిపోయి ఉంది. నేను ఇంకో ప్రింటు తీయించి పెట్టాను.

ప్రదర్శనకి ఇంకా రెండు వారాలున్నాయి. నా కూతురి గుడ్డ మీద అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఇల్లు సగం కూడా కాలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. ఈ మొక్క వంగే రకం కాదని తేల్చుకున్నాను. మన స్కూళ్ళలో తల్లులు ఏం చేస్తారో అదే చేశాను. రికార్డులు అక్కలు కుట్టిపెట్టేవారు, చార్టులు అమ్మలు గీసిపెట్టేవారు, మార్కులు పిల్లలకి వచ్చేవి, ఎవరూ తప్పనుకునేవారు కాదు. పొద్దున నా కూతురు బస్సెక్కగానే గుడ్డ ముందేసుకుని మొత్తం ఊడదీశాను. అక్షరాలు, కారు, మిగిలిన గోడలు, అన్నీ. మళ్ళీ మొదటినుంచి నేనే కుట్టాను. అపార్ట్‌మెంట్ బిల్డింగు తీసేసి ఆ చచ్చిపోయిన పిల్ల ఇల్లు కిటికీతో కిటికీ లెక్కపెట్టి దింపాను. చిన్నపిల్ల పనిలా కనబడాలని అక్కడక్కడా ఒక కుట్టు వంకరగా వేద్దామనుకున్నాను. నా చెయ్యి ఒప్పుకోలేదు. వేసిన ఒకటి రెండు కూడా మళ్ళీ తీసి సరిగ్గా వేశాను.

తొమ్మిది రోజులు పట్టింది, నా కూతురు గుడ్డ అడిగితే వేళ్ళు మానేదాకా ఆగమన్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను అమెరికాలో గడిపిన తొమ్మిది మంచి రోజులు అవి. ఆ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు బస్సు వచ్చిన చప్పుడు నాకు వినబడలేదు. నా కూతురు కింద నిలబడి, బాల్కనీ వైపు చూసి, తనంతట తనే మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది.

చివరికి దాని చేతికిచ్చాను. "కొంచెం సరిచేశాను" అన్నాను. అది ముందువైపు చూడలేదు. నేర్పిన ప్రకారం వెనక్కి తిప్పింది. కాసేపు చూసి మళ్ళీ ఇటు తిప్పింది.

"బాల్కనీ ఏది?"

"పాతకాలం ఇల్లు కదా. ఆ ఇళ్ళకి బాల్కనీలుండవు."

"ఓకే" అంది.

ఏడుస్తుందని, అరుస్తుందని సిద్ధంగా ఉన్నాను. ఏమీ లేదు. వెళ్ళి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంది. మాట వినడం నేర్చుకుందనుకుని సంతోషించాను.

ప్రదర్శన రోజు ముందుగది నిండా తల్లిదండ్రులు, కుకీలు, నిమ్మరసం. పదకొండు గుడ్డలు బల్లమీద పరిచి ఉన్నాయి. పది వంకరవి, ఒకటి నాది. దూరం నుంచే తెలిసిపోతోంది. అంతమందిలో అది నాకు గర్వంగా కూడా ఉంది, ఏం చెప్పను. పెద్దావిడ ఒక్కో పిల్ల దగ్గరా వంగి, నీ ఇంటి గురించి చెప్పు అని అడుగుతూ వచ్చారు. ఒక పిల్లాడు వాళ్ళ కుక్క గురించి చెప్పాడు. ఒక పాప తన ఇంటి పొగగొట్టం ఎందుకు వంకరపోయిందో చెబితే అందరూ నవ్వారు. తర్వాత నా కూతురి వంతు వచ్చింది.

"నాకు తెలీదు. ఇది నాది కాదు" అంది ఇంగ్లీషులో, స్పష్టంగా, గది అంతా వినబడేలా. "నాది దీని కింద ఉండేది."

పెద్దావిడ నా కూతురిని చూశారు, దాని వేళ్ళని చూశారు, గుడ్డని చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ పని చాలా బాగుంది" అన్నారు. మర్యాదగానే అన్నారు. గదిలో ఒకావిడ కుకీ కొరుకుతూ ఆగిపోయింది. ఐదో మేకుకి పొగగొట్టం వంకరపోయిన ఇల్లు తగిలించారు.

కారెక్కాం. నా కూతురు వెనక సీట్లో బెల్టు పెట్టుకుంది. మొదటి సిగ్నల్ దగ్గర అద్దంలో దాని కళ్ళలోకి చూస్తూ అన్నాను:

"ఆ చచ్చిపోయిన పిల్లే నా కడుపున పుట్టుంటే బావుండేది."

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కాదు. ఆ మాట ముందుగదిలోనే నోట్లోకి వచ్చింది. అక్కడ జనం ఉన్నారని ఆపుకుని, భద్రంగా కారుదాకా తెచ్చి, సిగ్నల్ పడ్డాక విడిచాను. ఎక్కడ తగులుతుందో తెలిసే విడిచాను. అది తగిలింది కూడా. దాని ముఖంలో ఏదో ఆగిపోవడం చూసి నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

రెండు సిగ్నళ్ళు దాటాక అడిగింది.

"ఆ అమ్మాయి ఎలా చచ్చిపోయింది?"

"నాకేం తెలుసు?"

"వాళ్ళ అమ్మకి తెలుసా?"

నేను పాటల సౌండ్ పెంచాను.

ఎండలు మొదలయ్యాక, ఇంకా స్కూలు సెలవులివ్వకముందే, పాత ఇంట్లో గోడకి చెమ్మ పట్టింది. శాంప్లర్లని ఫ్రేముల్లోంచి తీసి ఆరబెట్టాల్సి వచ్చింది. ఇంకెవరి చేతికీ ఇవ్వడానికి భయపడి పెద్దావిడ నన్నే పిలిచారు. ప్రదర్శన సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం గ్లౌజులు వేసుకుని నాలుగో శాంప్లర్ వెనక చెక్క ఊడదీశాం. గుడ్డని మెత్తటి తువ్వాలు మీద బోర్లా పరిచాం.

వెనకవైపు వెలుగు తగలక రంగులు నిన్న కుట్టినట్టున్నాయి. పెద్దావిడ రంగులు చూసి ఆశ్చర్యపోతున్నారు. నేను రంగులు చూడటం లేదు. నీటుగా ఉన్న అక్షరాల పక్కపక్కనే ఖాళీ బెజ్జాలున్నాయి. వరసలు వరసలుగా, ఎగుడుదిగుడుగా. కొన్నిట్లో పోగు తునకలు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. ఇంటి గోడ కింద ఇంకో గోడ జాడ ఉంది, ఒక పక్కకి వాలి. అంచున, ఇన్నేళ్ళూ ఫ్రేము చెక్క కింద దాక్కున్న చోట, అరంగుళం మేర ఒక చెట్టు కొమ్మ మిగిలిపోయింది. లావు ముడులు, బిగలాగిన దారం, పిల్ల చెయ్యి. ఎలాగూ ఫ్రేము కింద పోతుంది కదా అని దాన్ని సరిచేసినవాళ్ళు వదిలేసి ఉంటారు. నాకిది చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. నేనైనా అక్కడ అలాగే వదిలేసేదాన్ని.

"దీన్ని ఎవరో ఊడదీశారు. ఒకటికి రెండుసార్లు. ఈ పైకి కనబడేదంతా కుట్టింది పెద్దవాళ్ళు" అన్నాను.

"అంత ఖాయంగా ఎలా చెబుతున్నారు?"

"నేను చేసిన పనే కనక."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. ఈ పిల్ల గురించి వాళ్ళకి ఇంకేమీ తెలీదని చెప్పారు. పెళ్ళయిందో లేదో, ఎన్నాళ్ళు బతికిందో, ఏ కాగితంలోనూ లేదు. పేరు, తొమ్మిదో ఏట, ఈ గుడ్డ, అంతే. అంటే ఆ పిల్లది భూమ్మీద మిగిలింది ఒకే ఒక్క వస్తువు, అందులో దాని చెయ్యి అరంగుళం. నేను ఫ్రిజ్ మీద పెట్టి పూజించింది ఆ పిల్లని కాదు, దాన్ని కూర్చోబెట్టి ఊడదీసిన మనిషిని. నా మనిషి ఒకత్తి కనబడిందని మొదటిరోజే అనిపించింది కదా, అది మాత్రం నిజమే.

ఇంటికి వచ్చేటప్పుడు పెద్దావిడ నా కూతురి గుడ్డ చేతికిచ్చారు, మిగతా పిల్లలవన్నీ ఎప్పుడో ఇచ్చేశారు, మీదే మిగిలిపోయిందని. నేను తిన్నగా నా కూతురి గదికి వెళ్ళి మంచం మీద కూర్చుని, చూసిందంతా చెప్పాను. ఆ అమ్మాయి కూడా వంకరగానే కుట్టిందట, దానివీ ఊడదీశారట అని. ఇది చెబితే చాలనుకున్నాను. దానికి ఇదే ఒక కానుక అనుకున్నాను.

"ఎవరు తీశారు?"

"వాళ్ళ టీచరో, అమ్మో."

"సారీ చెప్పిందా?"

"ఎవరు?"

"వాళ్ళ అమ్మ."

"అదెలా తెలుస్తుంది తల్లీ? రెండొందల ఏళ్ళ కిందటి సంగతి."

అది నా ముఖంలోకి చూస్తూ ఉంది. ఎదురుచూస్తోందని నాకు తెలుసు. రెండు అక్షరాల మాట, ఈ దేశంలో షాపులో తోపుడుబండి తగిలినా చెప్పే మాట. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకి ఆ మాట చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. నా నోరు ఆ ఆకారంలోకి రాలేదు. "సరే, హోంవర్క్ చేసుకో" అని లేచాను.

"అమ్మా" అంది వెనకనుంచి. "అది ఇస్తావా? నా క్లాత్. అండ్ ఆ పిన్, కత్తెర."

నాకు ప్రాణం లేచొచ్చింది. నేను కుట్టింది తీసేసి మళ్ళీ తన ఇల్లు కుట్టుకుంటుందన్నమాట. నేను క్షమించమని అడక్కుండానే క్షమించేసిందన్నమాట. మా టీచరిచ్చిన కత్తెర, గుండుసూది తెచ్చి దాని చేతిలో పెట్టాను. మర్నాడు షాపుకెళ్ళి ఎర్ర దారం లచ్ఛీ కొని దాని బల్ల మీద పెట్టాను. వారమంతా స్కూలు నుంచి రాగానే తలుపేసుకుని కూర్చునేది. తలుపు తెరిచి చూడాలని మనసు ఎంత పీకినా చూడలేదు. నా జీవితంలో ఒక పిల్ల పనికి అడ్డం పోకపోవడం అదే మొదలు. "చూశారా, దానంతట అదే కూర్చుంది" అని మా ఆయనకి గొప్పగా చెప్పాను. ఆయన సంతోషపడ్డారు.

శనివారం పొద్దున వంటింట్లోకి వచ్చి గుడ్డ నా చేతిలో పెట్టింది.

ఒక్క కుట్టు లేదు. అక్షరాలు లేవు, ఇల్లు లేదు, చెట్లు లేవు. అడుగున నేను దాని పేరు కుట్టాను, అదీ లేదు. ఉత్త గుడ్డ, నిండా బెజ్జాలు.

"వెనక్కి తిప్పి చూడు" అంది.

తిప్పాను. ఒక్క ముడి మిగల్లేదు, ఒక్క తునక ఇరుక్కోలేదు, నేతలో ఒక్క పోగు తెగలేదు. అంత శుభ్రంగా నేను కూడా ఎప్పుడూ ఊడదీయలేదు. ముందూ వెనకా అచ్చం ఒకేలా ఉన్నాయి. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

కిటికీ దగ్గరికెళ్ళి గుడ్డని వెలుగుకి అడ్డం పట్టాను. వందల బెజ్జాలు. అది గుచ్చినవేవో, నేను గుచ్చినవేవో తెలీడం లేదు. ఎర్ర స్వెట్టరు మనిషి నాలుగుసార్లు నిలబడ్డ చోటు ఎంత వెతికినా కనబడలేదు.

"బాల్కనీ ఎక్కడుండేది? చూపించవా" అని అడిగాను.

"ఐ డోంట్ రిమెంబర్" అంది. కత్తెరా గుండుసూదీ కూడా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎర్ర దారం లచ్ఛీకి చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం బస్సు టైముకి పావుగంట ముందే వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాను. ఎండలో కూడా ఎర్ర స్వెట్టరు వేసుకున్నాను. బస్సు వచ్చి ఆగింది. నా కూతురు దిగింది, బ్యాగు సర్దుకుంది. నేను చెయ్యి ఎత్తి ఊపుతూనే ఉన్నాను. అది తలెత్తకుండా లోపలికి నడిచి వచ్చేసింది.